కంపెనీ - కుంఫిణీ

ఆంగ్లభాషనుండి మనకు వచ్చిన మాటలలో కొన్నింటిని మన పూర్వులు తెనిగింపలేదు. తమ నోటికి అనువుగా మలచుకొని వాడుకొనిరి. అట్టివానిలో ‘కంపెనీ’ యొకటి. మన తాతముత్తాతలు దానిని ‘కుంఫిణీ’ యనిరి. తెనిగింపకుండుట సోమరితనమని కొందరందురు. ఆ మాటకు గల అర్థములను, అది నడచివచ్చిన దారిని చూచినచో అట్లు తోచదు.

దాని మొదలు వంటయింటిలో నున్నది. లాటినులో ‘పానిస్’ అనగా రొట్టె. ‘కోమ్’ అనునది మన ‘సహ’ శబ్దము వంటిది. రెండును కలిసి ‘కొంపానియో’ అయినది. ఒకే రొట్టెను పంచుకొని తినువాడని అర్థము. ఫ్రాంకుజాతివారి ‘సాలిక్’ ధర్మశాస్త్ర ప్రతులలో ఈ మాట కానవచ్చుచున్నది. జర్మనుతెగలలో నంతకుముందే యున్న ఒక మాటకు ఇది అనువాదమని భాషావేత్తల యభిప్రాయము; గోతుభాషలో సహచరుని ‘గహ్లైబ’ యందురు, అందును రొట్టెయే యున్నది. ఇంగ్లీషువారి ‘లోఫ్’ దాని చుట్టమే. ఫ్రెంచివారి నోట నలిగి, పదుమూడవ శతాబ్దిలో ఈ మాట ఇంగ్లండు చేరినది.

చేరినపిదప దాని సంసారము పెరిగినది. ఒంటరివానికి తోడు కూర్చుండుట కంపెనీ. ఇంటికి వచ్చిన అతిథులు కంపెనీ. ఓడలోని నావికులందరును కలిసి కంపెనీ. పటాలమున నూరుమందికి పైబడిన సిపాయిల విభాగము కంపెనీ. వేషములు కట్టి ఊరూర తిరుగు నటులు కంపెనీ. చెడుసావాసమునకును అదియే మాట. వర్తకులు కూడి యేర్పరచుకొన్న సంఘము కంపెనీ యగుట వీనిలో నొకటి మాత్రమే. నిఘంటుకారుడు తోడు, సాంగత్యము, బృందము, దండు, సంస్థ యని వరుసగా వ్రాయును. ఒకచోట ఒదిగినది వేరొకచోట ఒదుగదు.

ఇంగ్లీషులోనే దీనికి పర్యాయపదములు పెక్కులు. వానిలో ‘ఫెలోషిప్’ అనుదానిని గూర్చి యొకమాట చెప్పక తప్పదు. ‘ఫెలో’ అనునది ఉత్తరదేశపు నార్సుభాషనుండి వచ్చినది. అందు ‘ఫే’ యనగా పశువులు, ధనము (మనవారును గోధనమనిరి కదా!). ఉమ్మడి వ్యాపారమునకై తన సొమ్ము తెచ్చి పెట్టువాడు ఫెలో. సొమ్ముతో పుట్టిన ఆ మాట కాలక్రమమున స్నేహమునకు పేరైనది. రొట్టె పంచుకొనుటతో పుట్టిన కంపెనీ సొమ్మునకు పేరైనది. రెండు మాటలును నడిదారిలో ఇండ్లు మార్చుకొన్నట్లున్నది.

మరి తెలుగున ఈ కంపెనీకి సరిజోడు లేదా? ఉన్నదనియే మా తలంపు. అది ‘పొత్తు’. కలిసి భుజించుటయు పొత్తే, కలిసి వ్యవహరించుటయు పొత్తే. కంచము పొత్తే కాని మంచము పొత్తు లేదని సామెత. లాటినువాడు రొట్టెవద్ద కనుగొన్న భావమును మనవాడు కంచమువద్ద కనుగొన్నాడు. ఐనను తెల్లవారి కంపెనీని మనవారు పొత్తు అనలేదు. ఎందుకనలేదో చరిత్రయే చెప్పవలెను.

1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తురాణి లండను వర్తకులకు తూర్పుదేశముల వ్యాపారమునకై పట్టా నిచ్చినది. అందు కంపెనీ యనగా ఆ వర్తకుల కూటమి. మొదట ఒక్కొక్క ఓడప్రయాణమునకు వేరుగా సొమ్ము కూర్చుకొని, ఓడ తిరిగివచ్చినపిమ్మట పంచుకొనెడివారు. స్థిరమూలధన మేర్పడినది 1657లో. వారి ‘గ్లోబు’ అను ఓడ 1611లో మచిలీపట్టణము చేరినది. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వారికి వ్యాపారహక్కు లిచ్చుచు ఫర్మానా జారీచేసెను. మచిలీపట్టణమున వారు నిలిపినది ‘ఫ్యాక్టరీ’. అందు తయారగునది యేదియు లేదు, ‘ఫ్యాక్టరు’ అను వర్తకోద్యోగి నివసించుటచే దానికా పేరు. ఈ మాట కథయు వేరొక ప్రసంగమునకు చాలును.

1765లో మొగలు చక్రవర్తి షా ఆలమువద్ద ఉత్తరసర్కారులకు ఫర్మానా పొంది, 1766 నవంబరు 12న నిజాముతో సంధి చేసికొని, కంపెనీ మన భూములపై శిస్తు వసూలుచేయు ప్రభువైనది. గుంటూరు మాత్రము 1788లో దానికి వశమైనది. 1800లో దత్తమండలములు చేరినవి. అప్పటికి రైతు నోట కుంఫిణీ యనగా వర్తకుల సంఘము కాదు. కుంఫిణీ దొరలు, కుంఫిణీ సర్కారు - అంతే. పంచుకొనువారు లండనులోని వాటాదారులు. ఇక్కడివారికి అందు పంక్తి లేదు.

చిత్ర మొకటి 1833లో జరిగినది. ఆ యేటి పార్లమెంటు చట్టముచే కంపెనీ వర్తకము మానుకొనవలసివచ్చెను. రాజ్యము మాత్రము దానిచేతనే యుండెను. బేరము లేని బేరగాడు ప్రభువై కూర్చుండెను. ఆ దినములలోనే నందన కరువు వచ్చినది. గుంటూరు మండలమున లక్షమందికి మించి ఆకటితో మడిసిరి. రొట్టెను పంచుకొనుట యని అర్థముగల పేరుతో ఏలుచున్న ప్రభుత్వమున జరిగిన సంగతి యిది. ఆ పేరును పొత్తని తెనిగించి యుండినచో చెవి కెంత కటువుగా నుండెడిదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

1858లో రాజ్యము విక్టోరియా రాణి పేరిట మారినది. 1874 జూన్ 1న కంపెనీయే రద్దయినది. మాట మాత్రము పోలేదు. 1885లో కడపమండలమున సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు నాటకసమాజమును నెలకొల్పిరి. జనులు దానిని సురభి కంపెనీ యనిరి. అందు నటులు కుటుంబములుగా కూడియుండెడివారు. తల్లిదండ్రులు, పిల్లలు ఒకే రంగముపై వేషములు కట్టెడివారు. లాటినువాని అర్థమునకు ఇంత దగ్గరగా వచ్చిన కంపెనీ మన దేశమున మరియొకటి యుండెనో లేదో మాకు సందేహమే.

చట్టము వేరుదారిని పోయినది. 1956నాటి కంపెనీల చట్టమునందు ప్రైవేటు కంపెనీకి కనీసము ఇద్దరు, పబ్లికు కంపెనీకి ఏడుగురు సభ్యులుండవలెను. 2013నాటి చట్టము ఒక్కరితోనే కంపెనీ పెట్టవచ్చునన్నది. తన రొట్టెను తానొక్కడే తినువాడును ఇపుడు కంపెనీయే. ఐనను అతనిని పూర్తిగా ఒంటరిగా విడువలేదు: తన తదనంతరము దానిని స్వీకరించు మరియొకని పేరును, అతని సమ్మతితో, ముందుగనే వ్రాసి ఇయ్యవలెను.