బల్లమీది ద్రాక్షారసం



మన దాచేపల్లి చుట్టూ మిరప, పత్తి చేలే. అయినా ప్రభువు బల్ల దగ్గర మనం అందుకునేది ద్రాక్షారసమే. పులియని ఆ రసానికి ఒక చరిత్ర ఉంది.

1869లో అమెరికాలోని వైన్‌ల్యాండ్‌లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి వేడినీళ్లలో కాచాడు. పులియబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోయాయి, రసం మద్యంగా మారలేదు. పాశ్చర్ చూపిన పద్ధతే అది. తన సంఘంలో బల్ల కోసమే వెల్చ్ ఈ పని చేశాడు.

ముదురు తీగల పండ్లతో పులియబెట్టిన చిక్కని ఎర్రని రసం వాడే సంఘాలూ ఉన్నాయి. వారిని మనం తప్పుపట్టం. కానీ 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు సారాపై ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. తాగుడు మానుకుని వచ్చిన తమ్ముడికి మన గిన్నె వాసనే శోధన కాకూడదు. ప్రభువు రక్తాన్ని జ్ఞాపకం చేసే గిన్నె ఎవరినీ పడదోయకూడదు. ఆమేన్.