గీత బయట

మా మాదిగవాడ పిల్లలం ఊరి బడిలో బంతి ఆడినోళ్లం కాదు, ఏరుకొచ్చినోళ్లం. బంతి ముళ్లకంపల్లో పడితే "రేయ్, తేపోరా" అనేవాళ్లు. తెచ్చిచ్చి మళ్లీ గీత బయటే నిలబడాలి. అందుకేనేమో, క్లాప్టన్ క్లబ్బు చరిత్రలో గెలిచిన కప్పులకన్నా ఒక మనిషే నన్ను పట్టుకున్నాడు.

1878లో లండన్‌లో పుట్టిన చిన్న క్లబ్బది. 1888లో ఓల్డ్ స్పాటెడ్ డాగ్ మైదానం దాని ఇల్లయింది. ఆటగాళ్లకు జీతాల్లేవు. 1908లో అక్కడికొచ్చాడు వాల్టర్ టల్. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తాత బానిస. అమ్మానాన్నా పోతే అనాథాశ్రమంలో పెరిగాడు. ఆ సీజన్లోనే, 1909లో, క్లాప్టన్ అమెచ్యూర్ కప్పు గెల్చింది. వెంటనే టాటెన్‌హామ్ అతన్ని తీసుకుంది. అదే ఏడు బ్రిస్టల్ మైదానంలో జనం రంగు పేరెత్తి తిట్టారు. మమ్మల్ని వాడ పేరెత్తి తిట్టినట్టే. తర్వాత టాటెన్‌హామ్ వాళ్లు రిజర్వు జట్టులోకి తోసేశారు. నల్లోళ్లు ఆఫీసర్లు కాకూడదన్న సైన్యంలోనే 1917లో ఆఫీసరయ్యాడు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో చనిపోయాడు. శవం దొరకలేదు.

2018లో క్లాప్టన్ అభిమానులు సొంత క్లబ్బు పెట్టుకున్నారు. 2020లో ఆ పాత మైదానాన్నే కొనేశారు. కొనేశారు!

మా బడి మైదానంలో సున్నంతో ఆ గీత వేసింది మా నాయినే.