రశీదు లేని కౌలు

జనవరి వచ్చిందంటే మన ఆఫీసుల్లో అద్దె రశీదుల పండగ మొదలవుతుంది. పాత పన్ను విధానంలో ఉండిపోయినవాళ్ళకి ఇప్పటికీ తప్పదు. పన్నెండు రశీదులు, ఓనరు సంతకం, ఏడాది అద్దె లక్ష దాటితే ఆయన పాన్ నంబరు. ఆ నంబరు ఇవ్వడానికి ఓనరు గింజుకుంటాడు, మనం బతిమాలతాం. 2020లో వచ్చిన కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. 2023-24 నుంచి అదే డిఫాల్ట్ కూడా అయ్యింది. మొన్న భోజనాల దగ్గర ఇదే గొడవ. "అద్దెకుండేవాడి నోరు కొట్టారు" అని ఒకాయన తెగ బాధపడ్డాడు. ఆయనకి రెండు ఫ్లాట్లున్నాయి లెండి, అది వేరే సంగతి.

జీతంలో హెచ్‌ఆర్‌ఏ లేనివాళ్ళ కోసం 1961 చట్టంలో 80జీజీ అని ఒక సెక్షన్ పెట్టారు. కొట్టులో గుమాస్తా, చిన్న ప్రైవేటు స్కూల్లో అయ్యవారు, ఇలాంటివాళ్ళకి. చాలా ఏళ్ళు దాని పరిమితి నెలకి 2000. 2016 బడ్జెట్‌లో 5000 చేశారు. మా బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆ సెక్షన్ పేరు తెలియదు. అవసరం రాలేదు మరి.

నాకు మాత్రం ఆ చర్చలో మా కారంపూడి గుర్తొచ్చింది. అక్కడ నాకు మూడెకరాల మిర్చి పొలం ఉంది. పాసుపుస్తకం నా పేరు మీదే. దున్నేది వేరే ఆయన, ఊళ్ళో వరసకి నాకు బాబాయి. ఉగాదికి ముందే కౌలు మొత్తం రొక్కం మా నాన్న చేతిలో పెడతాడు. రశీదు లేదు, కాగితం లేదు. నా ఫ్లాటు అద్దెకి పన్నెండు రశీదులు పోగేసుకునే నేను, ఆయనకి ఇన్నేళ్ళలో ఒక్కటీ ఇవ్వలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ కౌలు డబ్బుకి నేను పన్ను కట్టక్కర్లేదు. వ్యవసాయ భూమి మీద వచ్చే అద్దె కూడా చట్టం లెక్కలో వ్యవసాయ ఆదాయమే. నాగలి పట్టనవసరం లేదు. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన మొదటి ఆదాయపు పన్నులో సాగు ఆదాయానికి మినహాయింపు లేదు. 1886 చట్టంలో ఇచ్చారు. భూమికి ఎలాగూ శిస్తు కడుతున్నారు కదా, రెండోసారి ఎందుకు అన్నది వాదన. 1973 నుంచి మిగతా ఆదాయానికి రేటు కట్టేటప్పుడు దీన్ని కలిపి చూస్తున్నారు గానీ, దీని మీద మాత్రం పన్ను లేదు. శిస్తు సంగతి మన తరంలో ఎంతమందికి గుర్తుందో తెలీదు, దాని పేరున వచ్చిన మినహాయింపు మాత్రం భద్రంగా ఉంది.

పన్ను ఊరట ఎప్పుడూ కాగితం మీద పేరున్నవాడికే దక్కడం మన ప్రాంతంలో పాత కథే. పల్నాడు 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ చేతికొచ్చింది. రైత్వారీలో ఏటా జమాబందీ జరిగేది. పంట పోతే శిస్తులో కొంత తగ్గించేవాళ్ళు, దాన్నే రెమిషన్ అనేవాళ్ళు. ఆ తగ్గింపు పట్టాదారుకి. అతని దగ్గర కౌలుకి చేసేవాడు సర్కారు లెక్కల్లో లేనే లేడు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జమీందారీ రైతులకి కొంత రక్షణ ఇచ్చింది గానీ, రైత్వారీ పట్టాదారు కింద ఉన్న కౌలుదారుడి జోలికి పోలేదు.

ఇక పొలమే లేనివాడి మాట. వాడికి నాలుగు గొడ్లుంటే అడవే దిక్కు. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత ఆ అడవిలో మేపాలంటే పుల్లరి కట్టాలి. పేరు పన్నే గానీ, నిజానికి గడ్డికి కట్టే అద్దె. 1921లో పల్నాడు జనం కట్టం పొమ్మన్నారు. వాళ్ళకి అండగా మాచర్ల వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి జైలుకెళ్ళారు. ఉన్నవ 'మాలపల్లి' రాసింది ఆ జైల్లోనే. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు చనిపోయాడు. అదే నెలలో చౌరీచౌరా తరవాత గాంధీగారు ఉద్యమం ఆపేశారు. పల్నాటి యుద్ధం గురించి నాగులేటి ఒడ్డున పిల్లాడిని అడిగినా చెప్తాడు, పుల్లరి గురించి మాత్రం నేను ఇంజనీరింగ్ అయ్యాక చదివి తెలుసుకున్నా. సిగ్గుపడాల్సిన విషయమే.

కౌలుదారుడి పేరు చట్టంలోకి గట్టిగా ఎక్కింది 1956లో, ఆంధ్ర కౌలుదారీ చట్టంతో. కౌలుకి గరిష్ఠ పరిమితి, కనీసం ఆరేళ్ళ గడువు, పంట పోతే కౌలు తగ్గించమని అడిగే హక్కు, అన్నీ రాశారు. 1974 సవరణ ఇంకా గట్టిగా కౌలుదారుడి వైపు మొగ్గింది. దాంతో ఓనర్లకి భయం పట్టుకుంది. కాగితం రాస్తే పొలం పోతుందని నోటిమాట కౌళ్ళకి దిగారు. హక్కు పుస్తకంలో ఉంది, దాన్ని అడగడానికి రుజువు లేదు. పైగా కౌలు ముందే వసూలు చేస్తే పంట పోయాక తగ్గించేదేముంది?

2006లో కోనేరు రంగారావు కమిటీ కౌలుదారుల గోడు కూడా రాసింది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది, వాటికి ఓనరు సంతకం అక్కర్లేదు. 2019లో దాన్ని రద్దు చేసి తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తుంది, ఓనరు యాజమాన్యానికి ఢోకా లేదని స్పష్టంగా చెప్తుంది. కాకపోతే ఓనరు సంతకం పెట్టాలి అంది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, తాళంచెవి మళ్ళీ మన చేతికే ఇచ్చినట్టు. 2011 పద్ధతే న్యాయమని నా అభిప్రాయం.

2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసింది. బాబాయి చేలో పూత మొత్తం రాలిపోయింది. కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు రాలేదు. ఎరువుల కొట్లో, బయటా తెచ్చినవే అన్నీ. మేం కౌలులో ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు. ఆయనా అడగలేదు. అడిగే హక్కు 1956 నుంచి ఉందని ఆయనకి తెలియదు, నాకు అప్పటికి తెలియదు, మా నాన్నకి తెలిసినా చెప్పడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా నాన్నతో అన్నా, కార్డుకి సంతకం పెడతానని.

"నీకు తెలీదురా. ఇవాళ సంతకం అంటారు, రేపు పొలం అంటారు."

"పదకొండు నెలలే నాన్నా, చట్టంలోనే ఉంది."

"డెబ్బై నాలుగులో కూడా చట్టంలోనే ఉంది" అన్నాడు.

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. బాబాయిని పిలిచి ఆధార్ జిరాక్సు తీసుకురమ్మన్నా. తెచ్చాడు, కానీ గడప దగ్గరే నిలబడి, "ఎందుకు అబ్బాయ్, పెద్దాయనకి ఇష్టం లేనప్పుడు" అన్నాడు. ఫారం నింపి సంతకం పెట్టి ఆయన చేతికిచ్చా. నిరుటి కౌలుకి రశీదు కూడా రాసిచ్చా, రెవెన్యూ స్టాంపు నా హెచ్‌ఆర్‌ఏ రశీదుల కోసం కొన్నవాటిలో మిగిలిందే.