పెంతెకోస్తు పత్రాలు: పొత్తు ఎలా కుదిరింది?

పెంతెకోస్తు సంఘాల పాత పత్రికలను ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవగలుగుతున్నారంటే అదంతా స్కానింగ్ యంత్రాల చలవేనని చెబుతారు. ప్రభువు రాకడ దగ్గరపడిందని నమ్మిన తొలితరం కాగితాలు దాచిపెట్టలేదన్నది మరో మాట. రెండూ సగం నిజాలే. రాకడ కోసం కనిపెట్టినవాళ్లే విరివిగా అచ్చు వేశారు. ఆ అచ్చు చెల్లాచెదురైంది సంఘాల చీలికల వల్ల.

1901 నాటి టొపీకా బైబిలు పాఠశాల, 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో విలియం సీమోర్ జరిపిన కూటాలు ఈ ఉద్యమపు ఆరంభాలుగా అందరూ ఎరిగినవే. ఆ కూటాల పత్రిక 'అపొస్తలిక్ ఫెయిత్' మాత్రం 1908లో అక్కడ ఆగిపోయింది. అందులో పనిచేసిన క్లారా లమ్‌తో పాటు దాని చిరునామాల జాబితాలు పోర్ట్‌లాండ్ చేరాయి. సీమోర్ సమ్మతితోనే చేరాయా అన్నది నేటికీ వివాదమే. ఆ సంచికలను ఫ్రెడ్ కోరమ్ ఒకచోట చేర్చి మళ్లీ అచ్చు వేసేసరికి 1981 వచ్చింది.

నా దృష్టిలో సంఘాల భాండాగారాలను దగ్గర చేసినవాళ్లు చరిత్రకారులు. 1970లో పెంతెకోస్తు అధ్యయనాల సొసైటీ ఏర్పడ్డాక ఒక సంఘం పండితుడికి మరో సంఘం కాగితాలు అవసరమయ్యాయి. ఇందుకు మన దేశానికి సంబంధించిన ఉదాహరణే బలమైనది. కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లోనే ఉజ్జీవం రగిలింది. అజూసా నుంచి మిషనరీలైన గార్ దంపతులు కలకత్తా చేరేనాటికే ఈ దేశంలో కొన్నిచోట్ల విశ్వాసులు అన్యభాషల్లో మాట్లాడారు. ముక్తిలో పనిచేసిన మిన్నీ ఏబ్రమ్స్ 1906లో రాసిన చిన్న పుస్తకం చిలీలో ఉన్న మిషనరీలు హూవర్ దంపతులకు చేరింది. 1909లో అక్కడ వచ్చిన ఉజ్జీవానికి అది ఒక ప్రేరణ. దీన్నిబట్టి అన్నిటికీ మూలం అజూసాయేనన్న కథ నిలవదు. అలాగని ముక్తిని ఒంటరి ఊటగా చూపడమూ సరికాదు. వేల్స్, ఖాసీ కొండల ఉజ్జీవ వార్తలు అక్కడికి ముందే అందాయి, లాస్ ఏంజెలెస్ పత్రికలూ తర్వాత అందాయి. పైగా ఆత్మ బాప్తిస్మానికి అన్యభాషలే ఏకైక రుజువని రమాబాయి పట్టుబట్టలేదు. గ్యారీ మెగీ, ఆలన్ ఆండర్సన్ వంటి చరిత్రకారులు ఈ చిక్కుముడి విప్పడానికి మిషన్ పత్రికలనూ లేఖలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సి వచ్చింది. ఒక్క సంఘం బీరువాతో తేలే వ్యవహారం కాదది.

అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వారి స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్లవర్ కేంద్రం, చర్చ్ ఆఫ్ గాడ్ వారి క్లీవ్‌లాండ్ డిక్సన్ కేంద్రం మొదలైనవి ఒక పొత్తుగా కలిసి ఇప్పుడు తమ పత్రికలను ఉచితంగా చదవనిస్తున్నాయి. పోటీ సంఘాలు ఇలా తలుపులు తెరవడం చిన్న విషయం కాదు, అందుకు నేను కృతజ్ఞుణ్ణి. అయినా అందులో అత్యధిక భాగం ఇంగ్లీషు, అత్యధికం ఉత్తర అమెరికా సరుకు. ఏ సంచిక ముందు స్కాన్ కావాలో నిర్ణయించేది డబ్బున్న సంస్థలే. కానీ ఈ చరిత్రలో తెలుగు నేలకూ వాటా ఉంది. ఇండియన్ పెంతెకోస్తు దేవుని సంఘం 1935లో రిజిస్టరయింది మన ఏలూరులోనే. తెలుగు కరపత్రాలు, కన్వెన్షన్ నోటీసులు, సాక్ష్యాల పుస్తకాలు ఆ పొత్తులో చేరాలి. వాటి పట్టికలు తెలుగులో ఉండాలి, ఎంపిక ఇక్కడివాళ్ల చేతిలో ఉండాలి, నకళ్లు ఎక్కడికి వెళ్లినా అసలు ప్రతులు ఇక్కడే భద్రపరచాలి.