రొమ్ము తీసేశాక: నిర్ణయం ఎవరిది?



మనం నలుగురిలో పైకి అనలేని సంగతి ఒకటి ఇవాళ మాట్లాడుకుందాం. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

మైపాడు వైపు పల్లె నుంచి ఏళ్ళ తరబడి మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడకి రొమ్ము కాన్సరు ఆపరేషనయింది. కోలుకుని మళ్ళీ వచ్చినప్పుడు పైట రెండు మడతలు వేసుకుని వచ్చింది. "లోపల దూది మెత్త కుట్టి పెట్టుకుంటా ఉండానమ్మా. డాక్టరేమో ఇంప్లాంటు పెట్టించుకుంటావా అంటా ఉండాడు. అదేందో నువ్వన్నా చెప్పు" అంది. రేడియోలో ఇన్ని మాటలు చెప్పే నాకు ఆ వేళ నోరు పెగల్లేదు. తరువాత తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

మన నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే కదా. పెద్ద జబ్బు చేస్తే మద్రాసు రైలెక్కడమే. చెల్లెల్ని కాన్సరుకి పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో అడయారులో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించారు. ఆ రోజుల్లో ప్రాణం దక్కితే చాలు. పోయిన రొమ్ము మాట ఎవరు ఎత్తుతారు?

అంతకు ముందు, 1890లలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జను రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేసే పద్ధతి పెట్టాడు. దశాబ్దాలపాటు లోకమంతా అదే చేసింది. చాలామందికి గడ్డవరకు తీసి రేడియేషన్ ఇచ్చినా సరిపోతుందని పెద్ద పరిశోధన తేల్చేసరికి 1985 వచ్చింది. అందుకని మొదటి ప్రశ్న ఇదీ: "డాక్టరుగారూ, నాకు మొత్తం తీయాల్సిందేనా?"

తీసినచోట ఏదైనా పెట్టాలన్న ఆలోచన కూడా పాతదే. 1895లో జర్మనీలో చెర్నీ అనే డాక్టరు ఒకావిడ నడుము దగ్గరున్న కొవ్వు గడ్డనే తెచ్చి రొమ్ములో అమర్చాడు. ఇక సిలికోను సంచి 1962లో అమెరికాలోని హూస్టన్‌లో పుట్టింది. మొదట పెట్టించుకున్న టిమ్మీ జీన్ లిండ్సే ఆరుగురు బిడ్డల తల్లి. ఆవిడ వెళ్ళింది పచ్చబొట్టు చెరిపించుకోవడానికి. డాక్టర్లు సంచి మాట ఎత్తితే, ముందు నా చెవులు సరిచేయండి అందిట! రెండూ చేశారు.

ఆ తరువాత గొడవలు వచ్చాయి. 1992లో అమెరికా ప్రభుత్వం సిలికోను సంచుల వాడకాన్ని బాగా కట్టడి చేసింది. కాన్సరు రోగులకు మాత్రం పరిశోధన కింద వీలుంచింది. 2006లో మళ్ళీ అనుమతించింది. 2019లో పైన గరుకుగా ఉండే ఒక రకం వల్ల అరుదైన కాన్సరు వస్తోందని తేలి, దాన్ని వెనక్కి తీసుకున్నారు. చూశారా, ఏ సంచి మంచిదో ఆడవాళ్ళ ఒంటిమీదే తేలింది.

ఇప్పుడున్న దారులు మూడు. సిలికోను లేక ఉప్పునీటి సంచి ఒకటి. ఆపరేషను కొంత తేలిక. అయితే జీవితాంతం ఉంటుందని హామీ లేదు, మార్చవలసి రావచ్చు. రేడియేషన్ పడితే చుట్టూ గట్టిపడే ప్రమాదం ఎక్కువ. రెండోది, పొట్ట నుంచో వీపు నుంచో సొంత కండ తెచ్చి కట్టడం. ఆపరేషను పెద్దది, గాయాలు రెండుచోట్ల, కానీ మార్చే బాధ లేదు. మూడోది, ఏమీ పెట్టించుకోకుండా ఉండటం. అదీ దారే. వెంటనే తేల్చుకోనక్కర లేదు. ఏళ్ళ తరువాతైనా చేయించుకోవచ్చు.

ఇదంతా ఆవిడకి చెప్పాను. "గంప మోసేదాన్ని, పొట్టకండ తీస్తే ఎట్టా? సంచి మార్చడానికి మళ్ళీ మళ్ళీ ఎవురు తిరిగేది? ఉప్పునీళ్ళు బయట చాల్లే, లోపలెందుకు!" అని నవ్వేసింది. దూది మెత్తే చాలనుకుంది. అదే జబ్బు చేసిన మా బంధువుల అమ్మాయి మాత్రం సంచి పెట్టించుకుని నిశ్చింతగా ఉద్యోగానికి వెళుతోంది. ఇద్దరిదీ ఒప్పే.

ఎందుకంటారా? ఆ నిర్ణయం వాళ్ళది. మొగుడు ఏమనుకుంటాడోనని కాదు, పక్కింటివాళ్ళు చూస్తారనీ కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే, "నీకేం కావాలి?" అని ముందు ఆమెనే అడగండి.

సెలవు.