వేలిముద్ర ఫోను దాటదు

మిరపకోతల కాలం వచ్చిందంటే కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల ఊళ్లలో చాలా ఇళ్లకు బీగాలు పడతాయి. పిల్లాపాపలతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనులకు వలస, పోతారు. బీగం పడని ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లు. ఫోను కొడుకుతో పాటే వెళ్తుంది. ఇక్కడ ఏ యాప్‌లో పని పడినా ఓటీపీ అక్కడికే పోతుంది. "నంబరు వొచ్చిందా? చెప్పప్పా" అని పక్కింటి ఫోన్లోంచి తల్లి అడగడం, మిరపచేలో గట్టు మీద నిలబడి కొడుకు ఆరంకెలు చదివి వినిపించడం మామూలే. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకులు ఎంత మొత్తుకున్నా, చెప్పకపోతే పని జరగని ఇళ్లు ఇవి. ఆ అలవాటే సైబర్ మోసగాళ్లకు పెట్టుబడి.

పాస్‌కీ అనే కొత్త పద్ధతిలో చదివి వినిపించడానికి అంకెలే ఉండవు. ఫోను మీద వేలు పెడితే యాప్ తెరుచుకుంటుంది. పైకి కనిపించేది ఇంతే. దీని వెనక రెండు వంశాలున్నాయి. ఒకటి కంప్యూటర్ రహస్యాలది, రెండోది వేలిముద్రలది. ఆ రెండోదానికి మూలపురుషులు మన దేశంలోనే ఉన్నారు.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో ఒప్పందం రాసుకున్నాడు. సంతకం నాది కాదని రేపు అడ్డం తిరుగుతాడేమోనని కాగితం వెనక అతని అరచెయ్యి ముద్ర వేయించాడు. అప్పటికి అది బెదిరింపే, శాస్త్రం కాదు. తర్వాత ఏళ్ల తరబడి ముద్రలు సేకరించి, అవి మారవని గమనించి, 1877లో హుగ్లీలో రిజిస్ట్రేషన్ దస్తావేజులకూ పింఛన్లకూ వేలిముద్రను తప్పనిసరి చేశాడు. ఒకరి పింఛను ఇంకొకరు తినకూడదని! నూటయాభై ఏళ్లు కావస్తున్నా మన పింఛన్ల గొడవ అదే. వేల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికే వర్గీకరణను రూపొందించడంలో అసలు కష్టం కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

కంప్యూటర్ పాస్‌వర్డుకు అంత వయసు లేదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే యంత్రాన్ని పలువురు వంతులవారీగా వాడుకునే ఏర్పాటు చేస్తూ, ఎవరి ఫైళ్లు వారికే ఉండేలా ఫెర్నాండో కార్బాటో బృందం పాస్‌వర్డులు పెట్టింది. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన గంటలు చాలక, పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని ప్రింటు తీసుకున్నాడు. తెలివైన దొంగతనమేమీ కాదు, ప్రింటు కావాలని యంత్రాన్ని అడిగాడు, ఇచ్చింది. రహస్యం మన దగ్గరా ఉండి, అవతలి సర్వర్లోనూ ఉంటే ఏదో ఒక చోట జారుతుందని ఆనాడే తేలిపోయింది.

దీనికి విరుగుడు 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రచురించిన ఆలోచనలో ఉంది. ఒకటి కాదు, జత తాళంచెవులు. ఒకటి రహస్యం, మరొకటి ఎవరికిచ్చినా ఫరవాలేదు. రహస్యమైనదానితో పెట్టిన సంతకాన్ని బహిరంగమైనదానితో సరిచూడొచ్చు, కానీ దాన్ని చూసి సంతకం పుట్టించలేరు. బ్రిటన్ గూఢచార సంస్థలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ ఇంతకన్నా ముందే ఇలాంటిది కనిపెట్టినా, 1997 దాకా ఆ సంగతి బయటికి పొక్కలేదు.

ఈ రెండు వంశాలూ కలవడానికి ముందు మన కర్నూలు జిల్లాలో ఒక ముచ్చట జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలీకీ పింఛన్లకూ స్మార్ట్‌కార్డులు తెచ్చింది. 2010లో వాటి ప్రభావాన్ని కొలవడానికి పరిశోధకులు ఎంచుకున్న ఎనిమిది జిల్లాల్లో కర్నూలు ఒకటి. కార్డులోని చిప్పులో కూలీ వేలిముద్ర ఉండేది. ఊళ్లోకి వచ్చిన యంత్రం వేలినీ కార్డునూ పోల్చి డబ్బు ఇప్పించేది. తర్వాత వచ్చిన ఆధార్ పద్ధతిలో వేలిముద్ర దూరాన ఉన్న కేంద్ర భాండాగారం దాకా వెళ్లి సరిచూపించుకు రావాలి. నెట్‌వర్క్ లేకపోతే చౌకదుకాణం ముందు బారులు తీరాలి. పత్తి తీసీ తీసీ గీతలు అరిగిన ఆడవాళ్లకు "వేలు పడలేదు" అన్న మాట బాగా తెలుసు. నా లెక్కలో పాస్‌కీకి దగ్గరి చుట్టం ఆధార్ కాదు, ఆ పాత కార్డే.

పాస్‌వర్డుల అవసరం తగ్గించడానికి పేపాల్, లెనోవో వంటి సంస్థలు 2012లో ఫైడో కూటమి కట్టాయి. 2019 మార్చిలో వెబ్‌ఆథన్ అనే ప్రమాణం ఖాయమైంది. 2022 మే 5న యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి మద్దతు ప్రకటించాకే పాస్‌కీ మామూలు ఫోన్లలోకి వచ్చింది. యాప్‌లో పాస్‌కీ పెట్టుకున్నప్పుడు ఫోను ఆ జత తాళంచెవులు తయారుచేసి, బహిరంగమైనదాన్ని మాత్రం కంపెనీకి పంపుతుంది. లాగిన్ అయ్యేటప్పుడు సర్వర్ కొత్త సంఖ్య ఒకటి పంపితే ఫోను దాని మీద సంతకం చేస్తుంది. సంతకం చేయమని ఫోనుకు అనుమతి ఇవ్వడం వరకే వేలి పని. ముద్ర ఫోను గడప దాటదు. వేలు పడకపోతే ప్యాటర్న్ గీసినా సరిపోతుంది. అరిగిన వేళ్లకు ఇది చిన్న ఊరట కాదు. నకిలీ సైటు ఎంత అచ్చుగుద్దినట్టున్నా దాని వెబ్ చిరునామా సరిపోదు గనక ఫోను సంతకం పెట్టదు.

వాట్సాప్ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్‌లో దీన్ని తెచ్చింది. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉంటుంది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' మొదలయ్యాక ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకే వచ్చాయి కాబట్టి ఆంధ్రాలో ఆ ఖాతా విలువ పెరిగింది.

సుగ్గి ఇళ్లకు మాత్రం ఇది రెండువైపులా కోస్తుంది. ఆ పాస్‌కీ లేని వేరే ఫోన్లో దానితో లాగిన్ కావాలంటే క్యూఆర్ స్కాన్ చేయాలి, పాస్‌కీ ఉన్న ఫోను బ్లూటూత్ అందేంత దగ్గర్లో ఉండాలి. దూరం నుంచి మోసగాడూ రాలేడు, గుంటూరు నుంచి కొడుకూ సాయం చేయలేడు. తల్లికి సొంత ఫోను, సొంత ఖాతా లేకుండా పాస్‌కీ పెట్టుకోమనడం పట్నం సలహా.

డిజిటల్ చెల్లింపుల్లో ఎస్ఎంఎస్ ఓటీపీయే కాక ఇతర పద్ధతులకూ తోవనిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. అయినా చాలా యాప్‌లలో పాస్‌కీ బొత్తాం కిందే "ఓటీపీతో లాగిన్" ఇంకా ఉంది. దొంగ నొక్కేది దాన్నే.