నౌకల పట్టికలు, నగర ఛాయాచిత్రాలు: మికొలాయివ్ చరిత్రకు రెండు ఆకరాలు

ఉపోద్ఘాతం

నౌకాదళ చరిత్రకు ప్రధాన ఆకరం పట్టిక. నౌక పేరు, నిర్మాణ స్థలం, నిర్మాణం మొదలైన తేదీ, జలప్రవేశం, దళంలో చేరిక, పొడవు, బరువు, ఆయుధాలు, చివరికి తొలగింపు. 1898లో ఫ్రెడ్ టి. జేన్ ప్రారంభించిన యుద్ధనౌకల వార్షిక గ్రంథం నాటి నుంచి నేటి వరకు ఈ పద్ధతి పెద్దగా మారలేదు. ఉక్రెయిన్ దక్షిణ ప్రాంతంలోని మికొలాయివ్ నగరం (రష్యన్ ఉచ్చారణలో నికొలాయెవ్) ఇటువంటి పట్టికల్లో పదేపదే కనిపిస్తుంది. అయితే కనిపించేది ‘నిర్మాణ స్థలం’ అనే గడిలో మాత్రమే. ఆ గడిలో ఇమడని నగరాన్ని చూపగలిగినవి అక్కడి దైనందిన జీవితపు ఛాయాచిత్రాలు. ఈ రెండు ఆకరాలు ఎక్కడ ఒకదానినొకటి సరిదిద్దుతాయో, ఎక్కడ రెండూ మౌనం వహిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పట్టిక చెప్పే నగరం

దక్షిణ బూహ్, ఇన్హుల్ నదులు కలిసే చోట 1789లో మికొలాయివ్ వెలసింది. అది పుట్టిందే నౌకల కోసం. 1905 నావికుల తిరుగుబాటుతో ప్రసిద్ధమైన ‘పొటెమ్కిన్’ 1900లో ఇక్కడే నీటిలోకి దిగింది. ఐజెన్‌స్టైన్ చలనచిత్రం పుణ్యమా అని ఒడెస్సా మెట్లు ప్రపంచానికి పరిచయమయ్యాయి గాని, ఆ నౌకను కట్టిన ఊరు ఎవరికీ గుర్తు లేదు.

సోవియట్ కాలంలో విమానవాహక నౌకలన్నీ ఈ నగరంలోని నల్లసముద్ర నౌకానిర్మాణ కేంద్రంలోనే తయారయ్యాయి. ‘కీవ్’ 1972లో జలప్రవేశం చేసి 1975లో దళంలో చేరింది. ఆ తరువాతివి ‘మిన్స్క్’, ‘నొవొరొసీస్క్’, ‘బాకూ’. నేటి ‘కుజ్నెత్సోవ్’ 1985లో, ‘వర్యాగ్’ 1988లో నీటిలోకి దిగాయి. 1988లోనే మొదలుపెట్టిన ‘ఉల్యానోవ్స్క్’ పూర్తి కాకుండానే 1992లో ముక్కలైంది. అసంపూర్ణంగా మిగిలిన ‘వర్యాగ్’ను 1998లో 2 కోట్ల డాలర్లకు అమ్మారు. అది 2012లో ‘లియావొనింగ్’ పేరుతో చైనా నౌకాదళంలో చేరింది.

‘ఉల్యానోవ్స్క్’ గురించి పట్టికలో ఉండేది ఒక్క వాక్యం: 1988 నుంచి 1992, రద్దు. నాలుగేళ్లు కట్టిన చేతులతోనే దాన్ని విప్పవలసి వచ్చిన నగరానికి ఆ రద్దు అంటే ఏమిటో చెప్పే గడి ఏ పట్టికలోనూ లేదు.

పట్టికను చదవడంలో మరో చిక్కు పేర్లది. ‘మాస్క్వా’ అనే పేరుతో రెండు నౌకలు ఈ నగరంలోనే పుట్టాయి. ఒకటి 1960లలో తయారైన హెలికాప్టర్ల నౌక. రెండవది 1979లో ‘స్లావా’ పేరుతో జలప్రవేశం చేసి 1990లలో పేరు మార్చుకున్న క్షిపణి నౌక. తేదీ చూడకుండా పేరు మాత్రమే పట్టుకున్న పాఠకుడు తప్పుదారి పట్టడం ఖాయం.

విశాఖలోని ఆనవాలు

ఇదే చిక్కు తెలుగు తీరంలోనూ ఉంది. 1971 డిసెంబరులో విశాఖ సమీపాన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునక ప్రస్తావనలో వచ్చే ‘రాజ్‌పుత్’ బ్రిటన్‌లో కట్టిన పాత నౌక. 2021 మే 21న విశాఖలో సేవల నుంచి వైదొలగిన ‘రాజ్‌పుత్’ వేరు. అది మికొలాయివ్‌లో తయారై, 1980 మే 4న జార్జియాలోని పోతి రేవులో భారత నౌకాదళంలో చేరిన విధ్వంసక నౌక. జనస్మృతిలో ఈ రెండూ కలిసిపోవడానికి ఎంతో సమయం పట్టదు.

రెండవ ‘రాజ్‌పుత్’కు తొలి సారథి గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. తరువాత వైస్ అడ్మిరల్ అయిన ఆయనే భారత నౌకాదళ చరిత్రను మూడు సంపుటాలుగా రాశారు. నౌకను నడిపిన వ్యక్తే చరిత్రకారుడు కావడం అరుదు. నేటి ‘విక్రమాదిత్య’ సైతం మికొలాయివ్‌లో పుట్టిన ‘బాకూ’యే. ఇంతటి సంబంధం ఉన్నప్పటికీ ఆ నగరం విశాఖవాసికి ఒక పేరుగానైనా తెలియకపోవడం గమనార్హం.

ఆకాశం నుంచి తీసిన బొమ్మ

మికొలాయివ్ సోవియట్ యుగం చివరి దశ వరకు విదేశీయులకు నిషిద్ధ నగరం. అందుచేత పశ్చిమ దేశాల పాఠకులు విస్తృతంగా చూసిన తొలి చిత్రాలు నేలమీద తీసినవి కావు. 1984 ఆగస్టులో ‘జేన్స్ డిఫెన్స్ వీక్లీ’ అమెరికా నిఘా ఉపగ్రహం తీసిన మూడు చిత్రాలను ప్రచురించింది. వాటిలో నిర్మాణంలో ఉన్న విమానవాహక నౌక స్పష్టంగా కనిపించింది. చిత్రాలను బయటపెట్టిన శామ్యూల్ లోరింగ్ మోరిసన్ అమెరికా నౌకాదళ నిఘా విభాగపు ఉద్యోగి, ప్రఖ్యాత నౌకాదళ చరిత్రకారుడు శామ్యూల్ ఎలియట్ మోరిసన్ మనుమడు. ఆయనకు 1985లో శిక్ష పడింది. 2001లో క్షమాభిక్ష లభించింది. ఆ చిత్రాల్లో నౌకానిర్మాణ కేంద్రానికి పేరు సైతం ఒక అంకె: 444.

ఇది ఛాయాచిత్రమే అయినా స్వభావంలో పట్టికకు దగ్గర. పొడవు కొలవవచ్చు, క్రేన్లు లెక్కించవచ్చు. మనిషి మాత్రం అందులో లేడు. దైనందిన జీవిత ఛాయాచిత్రం ఇందుకు పూర్తిగా భిన్నం. నదీతీరం, వంతెన, సంత, బడిపిల్లలు అందులో ముందుంటారు. 900 టన్నులు ఎత్తగల క్రేన్లు ఉంటే వెనుక, మసకగా ఉంటాయి. అయితే దీన్ని అమాయక సాక్ష్యంగా తీసుకోరాదు. నిషిద్ధ నగరంలో కెమెరా ఎటు తిరగకూడదో అందరికీ తెలుసు. ఫ్రేములో లేనిది జీవితంలో లేదని అనుకుంటే, నగరం పగలంతా ఏ పని చేసిందో ఆ చిత్రాల నుంచి ఎన్నటికీ తెలియదు. పట్టిక మనిషిని వదిలిపెట్టింది, ఛాయాచిత్రం పనిని దాచింది.

2022 ఏప్రిల్

నల్లసముద్ర నౌకానిర్మాణ కేంద్రం 2021లో చట్టపరంగా మూతపడింది. మరుసటి ఏడాది రష్యా దాడితో నగరం మళ్లీ ప్రపంచ పత్రికల్లోకి వచ్చింది. మార్చి మొదట్లో, మరమ్మతులో ఉన్న ఉక్రెయిన్ యుద్ధనౌక ‘హెత్మాన్ సహైదాచ్నీ’ శత్రువు చేతికి చిక్కకుండా ఉక్రెయిన్ వారే దాన్ని ఇక్కడ నీటిలో ముంచారు. మార్చి 29న క్షిపణి తగిలి ప్రాంతీయ పరిపాలనా భవనం నడిమి భాగం కూలింది. 30 మందికి పైగా మరణించారు.

ఏప్రిల్ రెండో వారంలో రెండు సంఘటనలు జరిగాయి. ద్నీప్రో నది నుంచి నగరానికి నీరు తెచ్చే గొట్టపుమార్గం ధ్వంసమైంది. 14న ‘మాస్క్వా’ నల్లసముద్రంలో మునిగింది. మికొలాయివ్ కార్మికులు కట్టిన నౌక, మికొలాయివ్‌పై దాడి చేస్తున్న దేశపు జెండాతో మునిగిపోయింది. పొడవు సుమారు 186 మీటర్లు, జలప్రవేశం 1979, అంతం 2022. పట్టికకు ఇంతకన్నా అవసరం లేదు. చనిపోయిన నావికుల సంఖ్యపై మాత్రం వివాదం తీరలేదు. లోహం బరువు కచ్చితంగా తెలిసి, మనుషుల లెక్క తేలకపోవడం ఈ విద్యకు కొత్త కాదు.

నీటి విషయం ఏ నౌకాదళ పట్టికలోనూ చేరదు. దాదాపు నెలరోజులు కుళాయిల్లో నీరే లేదు. తరువాత వచ్చింది ఉప్పునీరు. అది తాగడానికి పనికిరాలేదు సరికదా, గొట్టాలను తినివేసింది. నగరం తాగునీటికి పంపిణీ కేంద్రాల వద్ద వరుసకట్టింది. ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, వాటిని లాగే చక్రాల బండ్లు, వృద్ధులు, పిల్లలు ఆ కాలపు చిత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తారు. రెండు నదుల కూడలిలో, ఒక సామ్రాజ్యపు నౌకల కోసం వెలసిన ఊరు గుక్కెడు మంచినీటికి నిలబడిన దృశ్యం అది. ఆ వరుసల్లో ‘మాస్క్వా’ను కట్టిన చేతులు ఎన్ని ఉన్నాయో పట్టికా చెప్పదు, చిత్రమూ చెప్పదు.